కారే కన్నం

హనుమంతవాక ఎత్తు ఎక్కుతుండగా
ముల్లు ఎరుపులోకి వాలింది.
బానెట్ లేపితే
ఇడ్లీపాత్ర మూత తీసినట్టు
మొహమంతా ఆవిరి.

మూడో రోజుకి కంచరపాలెం,
రైలుకట్ట పక్క రేకుల షెడ్డు.
కూర్మయ్య రేడియేటర్ అడుగు కుళాయి తిప్పాడు.
బెల్లం పాకంలా నీళ్ళు,
వెనకాలే తుప్పు పెచ్చులు.
"ఏ నీళ్ళోస్తారండీ?"
"ఇంట్లో బోరువే."
"ఇల్లెక్కడ?"
"పెదజాలారిపేట."
అతనింకేమీ అనలేదు.
ఇరవై రెండేళ్ళుగా, పొద్దున్నే,
ఈ పద్మిని గొంతులో
సీసాడేసి సముద్రం పోస్తున్నానన్నమాట.

ఫ్యాన్ రెక్క పట్టుకుని ఊపితే
పాలపన్నులా కదిలింది.
బోల్టులు నాలుగింట్లో మూడు మంచివి.
నాలుగోది
కిరసనాయిలు తాగి, సెగ కాగి,
సుత్తిచేత తిట్లు తిని
టీ వేళకి గానీ లొంగలేదు.

పంపు చేతికొచ్చాక
దాని గొంతు కింద ఒకచోట
కూర్మయ్య బొటనవేలు ఆగింది.
అక్కడ బూడిదరంగు ఎమ్‌సీల్ ముద్ద.
"ఎవలెట్టారిది?"
గౌసు, స్పానర్లందించే గుంటడు,
నా వంకే చూశాడు.

రెండేళ్ళ కింద ఒక ఆదివారం
చుక్కలు పడుతున్నాయని
నేనే నలిపి, నేనే అద్ది,
తడివేలితో నున్నగా దువ్వి,
మెకానిక్ ఖర్చు మిగిల్చానని
భోజనాల దగ్గర చెప్పుకున్న పని.

"ఇది సిల్లు కాదండి బాబూ.
కంపినీవోడు కావాలనెట్టిన కన్నం.
లోపల సీలు పోతే ఇక్కడ సుక్క రాల్తాది,
మీరు సూడాల.
నోరు నొక్కేస్తే అదేటి సేస్తాది?
ఆ నీళ్ళు బేరింగు తాగేసినాది."

గూడ్సు బండి వెళ్ళింది, చాలా పెట్టెలు.
ఇనప ఖనిజం ధూళి కాస్త మా టీలో పడింది.
నాకెందుకో
వంటింటి గోడ చెమ్మ గుర్తొచ్చింది.
మొన్న దసరాకి దాని మీద
లేత పసుపు రంగు కొట్టించాను.

కొత్త పంపు ఆటోనగర్‌లో లేదు.
డాబాగార్డెన్స్‌లో ఒక ముసలి కొట్టు అటక మీద
గ్రీజు కాగితంలో నిద్రపోతూ దొరికింది.
గౌసు అట్టముక్క పరిచి
గుండు సుత్తితో అంచులెమ్మట
టక్ టక్ మని గాస్కెట్ కొట్టాడు,
దరువు తప్పకుండా.
కొత్త గొట్టాలు, కొత్త బెల్టు.
ఆకుపచ్చ కూలెంటు సగం, బ్యాటరీ నీళ్ళు సగం.
మూత పెట్టకుండా ఇంజను తిప్పితే
చేపపిల్ల నోట్లోంచి వచ్చినట్టు
ఒక్కో బుడగా పైకొచ్చి పగిలింది.
ఆఖరి బుడగ దాకా
కూర్మయ్య బీడీ వెలిగించలేదు.

మళ్ళీ అదే ఎత్తు.
ముల్లు నడిమధ్య, కునుకు తీస్తున్నట్టు.

మర్నాడు అలవాటుగా
సీసా పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాను.
మోకాళ్ళ మీద వంగి
కారు కింద చూశాను.
గచ్చు పొడిగా ఉంది.
"ఏం పోయింది?" అంది ఆవిడ లోపల్నించి.
ఏమీ లేదన్నాను.
తర్వాత
వంటింట్లోకి వెళ్ళి
ఆ గోడ మీద చెయ్యి పెట్టాను.