కొర్దోబాలో ద

నల్లకుంటలో మా ప్రెస్సుకి
ఈ వారం స్పెయిన్ వచ్చింది.
పెన్‌డ్రైవ్‌లో, పదహారు ఫొటోలుగా,
ఒక్కోదాని కింద రెండేసి లైన్ల జాగాతో.

కృపాకర్ గారి ట్రావెల్స్ కరపత్రం అది.
ఏడు రాత్రులు, ఎనిమిది పగళ్ళు,
మనిషికి మూడు లక్షల నలభై వేలు,
వీసా ఖర్చు వేరే, శాకాహారానికి హామీ.
ఇరవై రెండేళ్ళుగా ఒకరి తప్పులు దిద్దుతున్నదాన్ని,
ఊరి పేరు దగ్గరే తడబడ్డాను.
కోర్డోబానా, కార్డోవానా, కొర్దోబానా?
మెత్తటి ద-నా, గట్టి డ-నా?
ఫోన్ చేస్తే ఆయన నవ్వాడు:
"ఏదో ఒకటి వెయ్యమ్మా, విమానం అక్షరాలు చూసుకుని దిగుతుందా?"

సెగోవియాలో నీళ్ళ వంతెన.
సున్నం లేదు, బెల్లం లేదు, కరక్కాయ లేదు,
రాయిని రాయి బరువే పట్టుకుని ఉంది
సుమారు రెండు వేల ఏళ్ళుగా.
లైను పొడుగైందని 'సుమారు' తీసేశాను.

అల్‌హంబ్రాలో పన్నెండు సింహాలు,
వీపుల మీద తొట్టి, నోళ్ళలో నీళ్ళు.
మంజీరా రాని శనివారం
మా సందులో బిందెల వరస గుర్తొచ్చింది.
ఆ సింహాలకి ట్యాంకర్‌వాడి నంబరుతో పని లేదు.

బార్సిలోనాలో ఒక చర్చి,
నూట నలభై ఏళ్ళు దాటినా కడుతూనే ఉన్నారట.
నన్ను రాయనిస్తే దాని కింద
'ఉప్పల్ ఫ్లైఓవర్‌కి పెద్దమ్మ' అని రాసేదాన్ని.

కొర్దోబా బొమ్మ దగ్గర చెయ్యి ఆగింది.
ఎరుపు, తెలుపు, ఎరుపు, తెలుపు,
కమాను వెనక కమాను, దాని వెనక మళ్ళీ కమాను,
లెక్కపెట్టబోతే చూపు దారి తప్పే స్తంభాలు.
ఆ మసీదు నడిబొడ్డున ఒక చర్చి:
కొట్టివేత సగంలో ఆపి
పైన ఇంకెవరో రాసిన దిద్దుబాటులా.
ఇలాంటి ప్రూఫు నా దగ్గరికీ వస్తుంటుంది.
రెండూ చదవొచ్చు. ఏది ఉంచాలో ఎవరూ చెప్పరు.

బొమ్మలు పేర్చే కుర్రాడు ఇంతియాజ్
నా భుజం మీదుగా చూసి అన్నాడు:
"మేడం, దీని తమ్ముడు బేగంపేటల ఉన్నడు కదా."

సాయంత్రం రసూల్‌పురలో మెట్రో దిగాను.
వెనకెప్పుడో ఒక పైగా నవాబు
స్పెయిన్ వెళ్ళి చూశాడట, మనసు పడ్డాడట.
మనమైతే ఫొటో తెచ్చుకుంటాం,
ఆయన మసీదు తెచ్చుకున్నాడు.
గుండ్రటి గుమ్మటం కోసం వెతికాను, లేదు.
చెక్కిన పెన్సిళ్ళలా కోసుగా లేచిన శిఖరాలు,
ఎదురు సందులో మిర్చీ బజ్జీల పొగ
ఒక్కోదాన్నీ తాకి పోతోంది.

గేటు దగ్గర నల్లా కింద
కాళ్ళు కడుక్కుంటున్నాడు జహీరుద్దీన్ చాచా.
"స్పెయిన్ ఎట్లుంటది చాచా?"
"నాకేం ఎరక బిడ్డా, నేను సిద్దిపేట దాటలే.
గాని ఒకపారి అక్కడిదే ఒకామె వచ్చింది.
ఈ గోడ పట్టుకొని శానసేపు నిలబడ్డది.
మా ఊర్ల ఉన్నట్టే ఉన్నదని ఏడ్సింది.
చాయ్ తాగిపిచ్చి పంపిన."

"ఏ ఊరు?"
"చెప్పింది గాని, నాకు నోరు తిరగలే."

"కొర్దోబానా?"
తల ఊపాడు.
నా గుండె ప్రెస్సులో మిషనులా కొట్టుకుంది.
"ద అన్నదా, డ అన్నదా?"

చాచా నల్లా కట్టేశాడు.
తువ్వాలతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.
పెదాల మీద ఆ పేరుని పెట్టి చూసుకున్నాడు,
పన్ను ఊడిన చోట నాలుక ఆనించి, తీసి,
మళ్ళీ ఆనించి.
"రెండిట్ల నడుమ అన్నది" అన్నాడు.

అజా మొదలైంది. ఆయన లోపలికి పోయాడు.
నేను అక్కడే నిలబడి
ద-కీ డ-కీ నడుమ
ఎంత చోటుందో నాలుకతో తడుముకున్నాను.
చాలా ఉంది. ఒక మనిషి నిలబడి ఏడవొచ్చు.

ఆ అక్షరం మా ఫాంటులో లేదు.
మర్నాడు ద వేసి పంపాను.
కృపాకర్ గారు చూసుకుని,
'శాకాహారం' ఇంకొంచెం పెద్దది చెయ్యమన్నారు.