ఎడమ భుజం

నిన్ను టీవీల చూపెట్టింది ఎనభై మూడో నిమిషంల.
మెట్టుగూడ ఇరానీ హోటల్ల మేం పదకొండు మందిమి,
నాలుగు చాయ్‌లు.
ఇంకేమన్న చెప్తరా అని సేటు రెండుసార్లు అడిగిండు.
మూడోసారి అడగలే.
అప్పటికే నువ్వు తెల్లగీత కాడ నిలబడ్డవు,
రెఫరీ నీ బూట్ల అడుగు చూస్తుండు
గుర్రానికి నాడాలు చూసినట్టు.

కామెంటరీ చెప్పెటాయన ఐలేష్‌ను అలీష్ అన్నడు.
మేం ఎవ్వలం దిద్దలే.
తప్పు పేరైనా సరే, అంత పెద్ద గొంతుతోని
నిన్ను ఇంతకుముందు ఎవ్వలు పిలిచిండ్రు
గ్యాస్ అయిపోయినోళ్లు తప్ప?

ఇరవై ఎనిమిదేండ్లకు, తమ్మీ!
ఆ వయసుకు నేను గ్లౌజులు మేకుకు తగిలిచ్చిన.
ఆ మేకుకు ఇప్పుడు టార్చిలైటు యాలాడుతుంది.

పొద్దుగాల ఐదున్నరకు గోడౌన్ షట్టరు.
నలభై రెండు సిలిండర్లు, అడ్డగుట్ట మెట్లు.
పద్నాలుగు కిలోల గ్యాసు, దాన్ని మోసే ఇనుము ఇంకో పదిహేను,
ఎప్పుడూ ఎడమ భుజం మీదనే.
కుడి చెయ్యి చిల్లర లెక్కకు కావాలె కదా.
నాలుగున్నరకు అదే ప్యాంటు మోకాళ్ల దాకా మలిచి
రైల్వే గ్రౌండ్ల దిగేటోడివి.
గడ్డి తక్కువ, కంకర ఎక్కువ,
కార్నర్ జెండా కాడ ఎవ్వలదో బర్రె.
లీగు మ్యాచుకు రెండు వందలు,
గెలిస్తే గుడ్డు బిర్యానీ.

ఫారంల సెల్వరాజ్ సారు నీ పేరు పక్కన
'ఆట: పార్ట్ టైం' అని రాసిండు.
వాపసు వచ్చేటప్పుడు బండి మీద ఎనక కూసొని అడిగినవు,
"అన్నా, సగం దినం ఆడేటోడు సగం ఆటగాడా?"
నేను గేరు మార్చుట్ల పడ్డ.
ఆ జవాబు ఇంకా బాకీ ఉంది.

కోల్‌కతా నుంచి వచ్చినాయన చూడనీకి వచ్చింది నిన్ను కాదు,
మన ఇమాన్యుయేల్‌ను.
వాని తొడ పట్టేసింది పదో నిమిషంలనే.
ఇగ ఊకె కూసోలేక నిన్ను చూసిండు ఆయన.
మ్యాచ్ అయినంక అడిగిండు:
గట్ల బాల్‌కు భుజం అడ్డం పెట్టుడు ఎవ్వలు నేర్పిండ్రు?
"మూడో అంతస్తు" అన్నవు.
ఆయన నవ్వలే. రాసుకున్నడు.

షిల్లాంగ్ల తొలి ఏడాది మొత్తం బెంచీ మీదనే.
ఫోన్ల చలి ముచ్చట చెప్పేటోడివి, వాన ముచ్చట చెప్పేటోడివి,
ఆట ముచ్చట తీయకపోతుంటివి.
ఒక్కసారి మాత్రం,
"ఏజెన్సీల నా పేరు కొట్టేయనియ్యకు" అన్నవు.
కొట్టేయనియ్యలే. రెండేండ్లు
నా లైనుతోని నీ లైను గూడ మోసిన.
ఇది నీకు చెప్పుడు ఇదే మొదలు. చెప్తే
నువ్వు మర్లి వస్తవని భయమైంది.

ఏడు నిమిషాలు, నాలుగుసార్లు బాల్ అందింది.
మొదటిది లైను దాటి పోయింది,
రెండోది వాపసు ఇచ్చినవు, తప్పులేదు.
మూడోదానికి ఆ ఆరడుగుల పరదేశి మీదికొచ్చిండు.
అప్పుడు చూసిన నేను,
నీ ఎడమ భుజం కొంచెం వంగింది,
కొంచెమే,
కింద టైల్సు పగలొద్దని, లోపల పసిపిల్ల లేవొద్దని
సిలిండర్‌ను మెల్లగ దించుతవు సూడు, గట్ల.
దిగింది బాల్. ఆయన గడ్డి మీద పడ్డడు.
హోటల్ల ఎవ్వలో బల్ల గుద్దిండ్రు, గాజు గిలాస పలిగింది.
గోల్ కాలే.
నాలుగోది యాదికి లేదు.

సేటు చెప్పకుండనే ఇంకో ఏడు చాయ్‌లు పంపిండు.
బిల్లు మాత్రం పదకొండుకు రాసిండు,
గిలాసతోని కలిపి.

తెల్లారి మూడో అంతస్తుల సువర్చలమ్మ తలుపు తీసింది.
"ఆ వంకర భుజం పిలగాడు ఏడి, కండ్లకే అవుపడ్తలేడు?"
టీవీల ఉన్నడమ్మా, అన్న.
"ఉండనీ. రెగ్యులేటర్ కాడ వాసన కొడుతుంది,
వాడైతే వాషర్ మార్చి పోయేటోడు."
కూసున్న.
జేబుల దేవులాడితే
ఒక్కటి దొరికింది.