ముడి వేసే చేతులు

నన్ను చరిత్ర అడక్కండి,
నాకు తెలిసింది వెంట్రుకలు.
నలభై ఆరేళ్లు ఇసోగిరి సుమో తాలింఖానాలో
తలలు దువ్వి, మైనం రాసి, ముడి వేసినవాణ్ణి.
ఎంతటి వస్తాదు జుట్టయినా
పొద్దున పదింటికి నా చేతిలోనే.

సుమిదా నది వాసన కొట్టే ఈ సందులో
మొదటి గురువు అప్పు చేసి
బియ్యపు గోదాము కొన్నాడట.
రాతగాడికి ఇవ్వడానికి డబ్బు లేక
పేరుపలక తనే రాసుకున్నాడు.
చివరి అక్షరానికి చోటు చాలలేదు,
అంచు పట్టుకుని వేలాడుతుంది.

యుద్ధం చివరి మార్చిలో అంతా కాలిపోయింది.
ఆయన భార్య ఇషి, ముసలితనంలోనూ, తిట్టేది:
"బియ్యం మూట వదిలేసి
ఈ పలకను మోసుకొచ్చారు మొద్దులు.
ఆకలేస్తే దాన్నే నాకమన్నాను."

బూడిద చల్లారాక మళ్లీ బరి కట్టారు.
నడిమధ్య గుంటలో
ఉప్పు, గుప్పెడు బియ్యం, సముద్రపు నాచు,
ఎండు చెస్ట్‌నట్ కాయ ఒక్కటి.
ఆ ఏడు దొరికింది అంతే.

నేను చేరేనాటికి ఇరవై ముగ్గురు.
తెల్లవారుజామున అరచేతులు స్తంభాన్ని బాదే చప్పుడుకే
పక్కింటి టోఫూ ఆయన లేచేవాడు,
బతికినన్నాళ్లూ గడియారం కొనలేదు.

గోడ మీద ఫొటో ఉన్నది ఒక్కడిదే, కప్పు తెచ్చినవాడిది.
వాడి నడినెత్తిన జుట్టు లేదని
నాకొక్కడికే తెలుసు.
ఇప్పుడు మీకూ తెలిసింది.

ఫొటో లేనివాడు కన్‌జిరో.
మంచు దేశం సుగారు నుంచి వచ్చి
పద్దెనిమిదేళ్లు ఆడి
పై తరగతి మెట్టు ఎక్కనేలేదు.
మట్టి కరిచిన ప్రతిసారీ
ఇసుక ఉమ్మేసి, నా ముందు కూచుని
"గట్టిగా కట్టు" అనేవాడు,
ఓడింది ముడే అయినట్టు.
స్తంభం మీద ఎడమవైపు గుంట చూడండి,
నా పిడికిలి పడుతుంది.
అది అతని అరచెయ్యి.

గురువుకు అరవై అయిదు నిండాయి, నాకూ.
గద్దెకు మనిషి లేడు.
మిగిలిన ముగ్గురూ పరుపులు చుట్టుకుని
వంతెన అవతలి తాలింఖానాకు వెళ్లారు.
ఇక్కడ ఫ్లాట్లు వస్తాయట.

నిన్న బరి తవ్వారు.
పార పట్టిన కుర్రాడు
నల్లటి గింజ ఒకటి పారేయబోతే
అడిగి తీసుకున్నాను.
ఏ ఏటిదో చెప్పలేను.
మైనం వదలని నా వేళ్ల మధ్య
నున్నగా, బోడిగా తిరుగుతోంది.
దీనికి
ముడి వేయడానికి ఏమీ లేదు.