తాళంచెవికి కట్టిన టార్చి

శిక్షణ చిత్తూరులో, ఫ్యాను కింద.
తెరమీద అంకెలు నడిచినాయి:
వెలుతురు పట్టుకొని నడిచిన కాలికి ఇంత,
చీకట్లో నడిచిన కాలికి అంత.
రుజువైన మాటే. నోటుబుక్కులో రాసుకున్నా.
పక్కన కూర్చున్న పాకాల ఆశా
పులిహోర పొట్లం విప్పుతా అడిగింది:
"రుజువు సరే మే,
మా ఊరి మొగోళ్ళకు ఎవురు చెప్పేది?"

మా మొగలిమిట్టలో కరెంటు
రేత్రి పన్నెండుకు వస్తాది.
చెరకుతోటకు, చెనిక్కాయ కయ్యలకు
సగం నిద్రలో లేచి పోతారు మనుషులు.
గెనిమ మీద పాదాలకు దారి గుర్తే,
కళ్ళతో పనేముంది అంటారు.
పోయిన కార్తీకంలో దొరస్వామి పాదానిక్కూడా
దారి గుర్తే ఉండింది.

సబ్‌సెంటర్లో పెట్టెలు దిగినాయి:
బూట్లు నలభై జతలు, అన్నీ తొమ్మిదో నంబరు.
టార్చీలు నలభై. పాము బొమ్మ వేసిన అట్టలు.
ఇంటింటికీ పంచి, సంతకాలు తీసుకొని
ఫారం నింపినా: లక్ష్యం నలభై, చేరింది నలభై.
సారు మెచ్చుకున్నాడు.

నెల తిరిగినాక పోయి చూస్తే
మునిరత్నం ఇంట్లో బూటులో కోడి పొదిగింది.
గజ్జలప్ప బూట్లు గడపకు అటొకటి ఇటొకటి
దిష్టికి వేలాడతా ఉండాయి.
టార్చి యాడమ్మా అంటే
"అల్లుడు అడిగితే ఇచ్చినాము" అనింది ఆయన పెండ్లాం.
నేను కోప్పడలేదు.
నా ఇంట్లో నా బీపీ మాత్రలు
ఉప్పుడబ్బా వెనక దాక్కొనే ఉండాయి.

మళ్ళీ చెప్పినా. విన్నారు.
వినడంలో మా ఊరిని మించినోళ్ళు లేరు.

ఆ ఎండాకాలం
దొరస్వామి పెండ్లాం చెంగమ్మ
వాకిట్లో కూర్చొని చింతపండు కొడతా ఉండింది.
తల ఎత్తకుండానే అనింది:
"ఆయన చెప్పులు మరిచిపోయినాడు చానాసార్లు,
చొక్కా మరిచిపోయినాడు.
స్టార్టరు పెట్టె తాళంచెవి మాత్రం
ఒక్కనాడూ మరిచింది లేదు."

అంతే మాట. గింజ తీసి పక్కన పడేసింది.

ఆ మాటను రేత్రంతా నమిలినా.
తెల్లారి పాతచీర అంచు చింపి
మోటారున్న ఇండ్లకు లెక్కగా
ముప్పై ఏడు తాళ్ళు పేనినా.
తాళంచెవికి ఒక కొస, టార్చి మెడకు ఒక కొస,
కత్తి పెడితేనే తెగే ముడి.
బూట్ల సంగతి తర్వాత, ముందు వెలుతురు.
పుస్తకంలో ఈ ముడి లేదు.
ఏం చెయ్యాలో పుస్తకం చెప్పింది.
ఎట్ల మరిచిపోకుండా ఉండాలో చెప్పడానికి
పుస్తకానికి మొగుడు చచ్చిపోలేదు.

తిట్టినారు. జేబు బరువన్నారు.
కోదండం కోసి పారేసినాడు. మళ్ళీ కట్టినా.
మళ్ళీ కోసినాడు.
ఇప్పటికీ ఆయన తాళంచెవి ఒంటరిదే,
ఒప్పుకోవాల.

మొన్న ఆషాఢంలో
మునెమ్మ కోడలికి నొప్పులొస్తే చూసి
తిరిగొస్తా మిట్టమీద ఆగినా.
కరెంటు వచ్చినట్టుంది.
కిందంతా చీకటి, ఆ చీకట్లో
ఒకటొకటిగా వెలుతుర్లు బయల్దేరినాయి
నిదానంగా, గెనిమలు తడుముకుంటా.
వంక దగ్గర ఒకటి ఆగింది.
నేలను చానాసేపు చూసింది.
పక్కకు తప్పుకొని మళ్ళీ కదిలింది.

ఏముండిందో అక్కడ.
కట్టెపుల్లో, డ్రిప్పు పైపు ముక్కో.
తెల్లారి ఎవురూ ఏమీ చెప్పలేదు.

నెలాఖరుకు ఫారం ముందర పెట్టుకున్నా.
కాటు పడినోళ్ళు, పెద్దాసుపత్రికి పంపినోళ్ళు, పోయినోళ్ళు.
ఆగి, చూసి, తప్పుకున్న వెలుతురుకు గడి లేదు.
మూడు సున్నాలు చుట్టి సంతకం పెట్టినా.
"పనేం జరగలేదా ఈ నెల?" అన్నాడు సారు.

ఇంటికొచ్చి ఉప్పుడబ్బా జరిపినా.
నేను ఒక్కనాడూ మరవనిది ఏందబ్బా అని
వంటింట్లో నిలబడి చూసి చూసి
మాత్రల అట్టను
కాఫీపొడి డబ్బాకు రబ్బరు బ్యాండేసి బిగించినా.
మూడు రోజులైంది.
చూడాల.