వినిపించని భాగం

హాంకాక్ లైబ్రరీ నేలమాళిగలో
బుధవారం పదింటికి నా బల్ల.
దాని మీద మొద్దుబారిన పెన్సిలు, భూతద్దం,
ప్రభుత్వం ఏటా పంపే లావుపాటి మెడికేర్ పుస్తకం.
దాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివినవాళ్లం
ఈ కౌంటీలో ఇద్దరమే ఉండేవాళ్లం.
రెండో ఆయన మొన్న ఆకులు రాలే కాలంలో పోయాడు.

ఫిబ్రవరి. కిటికీకి సగం దాకా మంచు.
ఐనో కంగాస్ మెట్లు దిగి వచ్చాడు.
రంపాలకు పదును పెట్టి పెట్టి
వేళ్ల సందుల్లో నల్లగా దిగిపోయిన ఇనుము.
అరవై ఏడేళ్ల ఎనిమిది నెలలు.
"నాకు జబ్బు చెయ్యదు" అన్నాడు కూర్చోకముందే,
"సైమా పంపితే వచ్చాను."

పుట్టిన నెలకి ముందు మూడు, తర్వాత మూడు,
నడుమ పుట్టిన నెల.
"ఏడు నెలలు నీకోసం తలుపు తీసి ఉంచారు ఐనో,
మార్చిలో తీశారు, సెప్టెంబరులో మూశారు."
"ఏంటీ?"
"తలుపు! తలుపు మూశారు!"
వెనక్కి తిరిగి మెట్ల వైపు చూశాడు.
"మూసే ఉందిగా" అన్నాడు.

గొంతు పెంచాను.
ఎ అంటే ఆసుపత్రి మంచం.
పదేళ్లు జీతంలోనో రాబడిలోనో కోత పడినవాడికి
దానికి నెలనెలా కట్టేదేం లేదు.
బి అంటే డాక్టరు, రక్తపరీక్ష, ఎక్స్‌రే.
దానికి నెలనెలా కట్టాలి.
ముందు ఏడాదికింతని నీ జేబులోంచి పోతుంది,
ఆ తర్వాత వందకి ఎనభై వాళ్లు, ఇరవై నువ్వు.
ఆ ఇరవైకి పైకప్పు లేదు, ఐనో,
మంచు ఎంత కురిస్తే అంతా లోపలికే.

ఇది మాత్రం అతనికి అర్థమైంది.
షెడ్డు కప్పు రెండుసార్లు కూలినవాడు.

ఫ్యాక్టరీ ఇన్సూరెన్సులో ఉండి ఆలస్యం చేసినవాడికి
క్షమాపణ ఉంది.
సొంత షెడ్డువాడికి ఎవరు రాసిస్తారు?
వేళ్ల మీద లెక్క కట్టాను.
నిండిన ఏడాదికి పది శాతం చొప్పున
రెండేళ్లకి ఇరవై శాతం జరిమానా.
"ఎన్నాళ్లు?"
"బతికున్నంత కాలం."

ఆ మాట ఒక్కసారికే వినబడింది.
పెద్దగా నవ్వాడు.
"అయితే పుట్టినరోజు జరిమానా అన్నమాట.
మా నాన్న తొంభై నాలుగుకి పోయాడు.
వాళ్లు బాగుపడతారు."

నేను నవ్వలేకపోయాను.
ఎడ్విన్‌కి కార్డు టపాలో దానంతటదే వచ్చింది,
ఎరుపు, తెలుపు, నీలం,
పేరు కింద మొదలయ్యే తేదీ.
ఆ తేదీకి పదకొండు రోజుల ముందు
గరాజ్‌లో మంచు పార పక్కన పడి ఉన్నాడు.
కార్డు ఇప్పటికీ నా పర్సులోనే ఉంది.
ఎవరికీ చూపించను. ఎందుకు చూపిస్తాను?
అందుకే బుధవారాలు ఇక్కడ కూర్చుంటాను అనుకుంటే
అనుకోండి, సగం నిజం.
మిగతా సగం, ఇంట్లో హీటరు ఖర్చు.

"మరి ఇది?" టోపీ ఎత్తి చెవి చూపించాడు.
"చెవి మిషనుకి ఇవ్వరు."
"ఏమన్నావ్?"
"చెవి మిషనుకి పైసా ఇవ్వరు, ఐనో!"
పై అంతస్తులో కథల గంటకొచ్చిన పిల్లలు
ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యారు.
అతనికి తప్ప ఊరందరికీ వినబడింది.
చివరికి కాగితం మీద రాశాను.
పళ్లకి లేదు, కళ్లజోడుకి లేదు, చెవికి లేదు.
చదివి చాలాసేపు ఊరుకున్నాడు.
"అంటే మెడ కింద నుంచి మొదలా?"

ఈ వారం సంతకం పెడితే
మార్చి ఒకటి నుంచి బి మొదలు.
అప్పటినుంచి ఆరు నెలలు
ఆ ఇరవై మోసే సప్లిమెంటు కంపెనీ ఏదీ
నీ గుండె ఎలా కొట్టుకుంటోందని అడగకూడదు.
మందుల సంగతి వచ్చే బుధవారం,
బిళ్లల సీసాలన్నీ పట్టుకురా.

ఫారం ముందుకి జరిపాను.
పెన్ను ఇవ్వబోతే వద్దని
నా పెన్సిలు ఎత్తి వెలుతురుకి పెట్టి చూశాడు.
సిగ్గుపడాల్సిన మొన అన్నట్టు తల ఊపి
జేబులోంచి చాకు తీశాడు.
చెక్కపొట్టు ప్రభుత్వ పుస్తకం మీద రాలింది.

అంతా అయ్యాక చెప్పాను,
పెన్సిలు చెల్లదని.
అది కూడా వినబడలేదు.