టికెట్ మూయబడినది

ఏడు బ్లాకులకి నేనొక్కణ్ణే.
ఇదివరకు నలుగురం ఉండేవాళ్ళం.
ప్లంబర్ గ్రెగర్ మోకాళ్ళరిగి మానేశాడు,
తక్కిన ఇద్దరినీ కంపెనీ చేతులు మారిన ఏడు
కాగితం మీదే కొట్టేశారు.
వాళ్ళ స్పానర్లు ఇంకా నా బండిలోనే గలగలమంటాయి
టే నది వంతెన ఎక్కినప్పుడల్లా.

డండీలో వాన నిలువుగా పడదు.
అడ్డంగా వస్తుంది, అప్పులవాడిలా,
ఎక్కడ సందుంటే అక్కడ వేలు పెట్టి చూస్తూ.
సి బ్లాకు నిండా సందులే.

మూడో అంతస్తు, పద్నాలుగో గది, మార్సలీ అనే పిల్ల.
సెప్టెంబరులో రాసింది: మంచం పక్క గోడ చెమ్మగా ఉంది.
ఆఫీసు జవాబు: కిటికీ తెరిచి ఉంచండి.
అక్టోబరులో రాసింది: కిటికీ రాదు, రంగుతో అతుక్కుపోయింది.
ఆఫీసు జవాబు: తడిబట్టలు గదిలో ఆరేయకండి.
నవంబరులో రాసింది:
ఆరేసినవి కావు, బీరువాలో మడతపెట్టినవే తడుస్తున్నాయి.
ఆఫీసు జవాబు: టికెట్ మూయబడినది.
మా సేవకు ఐదింటికి ఎన్ని చుక్కలిస్తారు?

ఆ కిటికీకి రంగు వేసింది నేనే.
రెండేళ్ళ కిందటి ఆగస్టు,
రోజుకి పంతొమ్మిది గదుల చొప్పున.
ఎండలో బాగానే కనిపించింది.

జనవరిలో నా చేతికో చీటీ ఇచ్చారు.
శనివారం కొత్త పిల్లల తల్లిదండ్రులు చూడ్డానికి వస్తారు,
పద్నాలుగో గది చూపించే గదుల్లో ఒకటి.
తెల్లరంగు డబ్బా ఒకటి, మచ్చలు కప్పే రకం.

తలుపు తీసింది. గొంతు బొంగురు.
"పైపు కోసం వచ్చారా?"
"గోడ కోసం."
ఇంకేం అడక్కుండా మంచం జరిపింది.

బూజు చుట్టూ పెన్సిల్ గీతలు,
ఒకదాని బయట ఒకటి,
ప్రతి గీత పక్కనా చీమల్లాంటి అక్షరాల్లో తేదీ.
మా తలుపు చట్రం మీద నేనిలాగే గీసేవాణ్ణి
మావాడి ఎత్తు, పుట్టినరోజుకొకటి.
ఇది వారానికొకటి ఎదిగింది.
క్రిస్మస్‌కి ఆ పిల్ల తన దీవికి వెళ్ళొచ్చేసరికి
ఒక్కసారిగా జానెడు.

"రాళ్ళ పొరలు ఇలాగే గుర్తుపెడతాం," అంది.
జియాలజీ చదువుతోందట.
"ఇది ఏ యుగమో మాత్రం ఇంకా తేలలేదు."
నవ్వబోయి దగ్గింది,
దగ్గు ఆగేదాకా నేను డబ్బా మూత చూస్తూ నిలబడ్డాను.

తడిగుడ్డతో గొంతులు కోస్తారంటారు.
ఆఫీసులో కుర్చీల మీదవాళ్ళ గురించే ఆ మాట అనుకుంటూ వచ్చాను
ఇన్నాళ్ళూ.
గుడ్డ నా చేతిలో ఉంది.
రంగుకి ముందు తుడవాలి కదా.

సెప్టెంబరు పోయింది. అక్టోబరు పోయింది.
నవంబరు కాస్త గట్టిగా రుద్దాల్సి వచ్చింది.
మొదటి పూత గోడ గుటకేసింది,
రెండోది కొంచెం నిలిచింది.
గుమ్మంలోంచి ఫోటో తీశాను, చీటీలో అలాగే తీయమన్నారు.
ఫోటోలో అది గోడే.

"పెన్సిలుందా?" అని అడిగాను.

స్విచ్చు కింద రంగు తగలని జానెడు చోటు వదిలాను.
అక్కడ తేదీ వేశాను.
పైపూత మాత్రమే. లోపల పైపు కారుతోంది.
చూసినవాడు, రానల్డ్ పెట్రీ.
నా అక్షరాలు ఆ పిల్లవంత కుదురుగా లేవు.
చదివి, ఏమీ అనకుండా
మంచానికి అటు చివర పట్టుకుంది.
ఇటు నేను పట్టాను.
గోడకి మాత్రం ఆనించలేదు.

బండిలో కూర్చుని ఫోన్ తెరిచాను.
ఈ పనికి రెండే మీటలు:
పూర్తయింది. అవసరం లేదు.
అద్దం మీద వాన అడ్డంగా పాకుతోంది.
ఏదీ నొక్కలేదు ఇంకా.

ఈలోగా డి బ్లాకు నుంచి ఒకటి మోగింది:
వేడినీళ్ళు లేవు, ఇవాళ్టికి తొమ్మిదో రోజు.