సెలవు చీటీ

మూడేండ్లుగా అది నాకు నైట్ డ్యూటీ ఉన్న రాత్రే పూస్తాంది.
తెల్లారి క్వార్టర్సుకొచ్చి చూస్తే
పెయింటు డబ్బా అంచున
తడిపి పిండిన చేతిగుడ్డ మాదిరి వేలాడుతుంటుంది.
"రాత్రి చూసుండాల్సింది లింగక్కా, పళ్లెమంత!"
గోడ మీంచి ఖాజాబీ చెబుతుంది.
ఆ పళ్లెం అన్న మాటతోనే మూడేండ్లు సర్దుకున్నా.

గుంతకల్లు అవతల మూసేసిన గేటు గదిలో
ఎవరూ నీళ్లు పోయకుండానే బతికిన కొమ్మ.
పేరడిగితే నర్సరీవాడు ఏదో ఇంగ్లీషులో చెప్పినాడు,
ఇల్లు చేరేలోపల యాడనో జారిపోయింది.

మృగశిర కార్తె ఐదో రోజు, మొగ్గ మెడ ఎత్తింది.
సెలవు చీటీలో కారణం దగ్గర పెన్ను ఆగింది.
'ఇంట్లో శుభకార్యం' అని రాసినా.
ఎర్రిస్వామి సారు అద్దాల పైనుంచి చూసి
"ఎవరిదమ్మా?" అన్నాడు.
"చిన్నదానిది సార్."

పగలంతా గోడవార నాగజెముడు దగ్గరే.
పొద్దున పసుపు, మాపటికి కావి,
ఒకే పువ్వుకు రెండు చీరలు.
తేనెటీగ వాలితే కేసరాలన్నీ లోపలికి ముడుచుకుంటాయి.
అగ్గిపుల్లతో తాకినా అంతే,
వచ్చిందెవరని అడగవు.
మట్టల మీద తెల్లగా బూజు. గోటితో గీకితే
వేలంతా కుంకుమ!
అందులో పురుగు కాపురముందని అప్పుడు తెలిసింది.
రేపు హాజరు పుస్తకంలో
నా సంతకం పక్కన మరక పడుతుందేమో.

పడమటి నుంచి మబ్బులొచ్చినాయి,
నిండు గూడ్సు మాదిరి, మా ఊర్లో హాల్టు లేనట్టు.
అలవాటు కొద్దీ పెట్టెలు లెక్కపెట్టి
పోనిచ్చినా.
ఎనిమిదింటికి ఆగ్నేయం మూల తేలు చుక్కలు పైకి పాకినాయి.
దాని తమ్ముడు నాపరాయి సందులో ఉంటాడు,
అందుకే చెప్పులు విప్పలేదు.

తొమ్మిదిన్నర. మొగ్గ కదిలిందా?
యార్డులో బ్రేకు వదిలిన ఖాళీ పెట్టె ఇట్లనే,
పక్క స్తంభం జరిగిందేమో అనిపిస్తుంది.
ఖాజాబీ మనవడు ఇద్రూసు టార్చి వేస్తే వద్దన్నా.
తెలుపు తనంతట తాను కనిపించేదాక
చీకట్లోనే కూచున్నాం.

ముందు వాసన.
తర్వాత రెక్కల చప్పుడు,
బండి రెండు మైళ్ల దూరాన ఉన్నప్పుడు
పట్టాకు చెవి ఆనిస్తే వినపడేంత.
బొటనవేలంత చిమ్మట గాల్లో నిలబడి
చుట్టిన దారంలాంటి నాలుకను
విప్పుకుంటా, విప్పుకుంటా లోపలికి పంపింది.
యార్డు దీపం పడి దాని కండ్లు
రెండు ఎర్ర సిగ్నళ్లు.
నేను ఆగిపోయినా.

అది వెళ్లిపోయింది.
ఇద్రూసు నా ఒడిలో తలపెట్టి ఎప్పుడో నిద్రపోయినాడు.
అంతసేపూ పురుగునే చూసినానని,
పువ్వు మీద కన్నే పెట్టలేదని
అప్పుడు గుర్తొచ్చింది.

"ఎంతుంది లింగక్కా?" గోడ అవతల ఖాజాబీ.

"పళ్లెమంత" అన్నా.